కుడివైపు పేజీ

వెల్డ్‌కాంప్ వారి ఇంట్లో సాయంత్రం ఆరు గంటలకు భోజనం. ఆరూ పదికి వచ్చినవాడు చల్లారిన బంగాళాదుంపలు తినాలి, అంతే. తిన్నాక ఎవరూ బల్ల దగ్గర్నుంచి లేవరు. ఇంటాయన గెరిట్ బైబిల్లో ఒక అధ్యాయం చదువుతాడు. ఆ తర్వాత పిల్లలిద్దరూ విశ్వాసం గురించిన ప్రశ్నోత్తరాలు అప్పజెప్పాలి. మా చర్చి సంఘంలో తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి ఇది. అయోవాలో మొక్కజొన్న వేసే మా ఊళ్లో ఈ పద్ధతి లేని ఇల్లు కనబడితే జనం కాస్త జాలిగా చూస్తారు.

ఆ గురువారం ఆర్డిత్ భోజనానికి వచ్చింది. పిల్లలు చదివే బడికి ఆవిడ కమిటీ సభ్యురాలు. ఏడేళ్ల నెల్ లాటిన్ విభక్తులను పాటలా పాడి వినిపించింది. పదమూడేళ్ల తిర్జా వంతు వచ్చింది.

"దేవుడు మన మొర వింటాడని నీకెలా తెలుసు?" అని గెరిట్ అడిగాడు.

తిర్జా ఊపిరి తీసుకోకుండా ఎనిమిది వాక్యాలు చెప్పింది. ఒక్క మాట పొల్లుపోలేదు.

"ముత్యాల్లా అప్పజెప్పారు మార్లిస్, నీ పిల్లలు," అంది ఆర్డిత్. "మా మనవలకి ఫోను నొక్కడం తప్ప ఒక్క ముక్క రాదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

తల్లి మార్లిస్ సిగ్గుపడుతూ నవ్వింది. బల్ల కింద తిర్జా వేళ్లు కాగితపు రుమాలును పోగులు పోగులుగా చింపుతున్నాయి. తల్లి అది చూడలేదు. చదివేవారు నొచ్చుకోకపోతే ఒక మాట చెబుతాను, ఆమె చోట మనం ఉన్నా చూసేవాళ్లం కాదు. పొగడ్త వినే చెవులకు కళ్లతో పని ఉండదు.

మార్లిస్ ఆ బడిని ఎందుకు ఎంచుకుందో చెప్పాలి. పాత చర్చి భవనంలో అరవై మంది పిల్లలతో నడిచే బడి అది. అక్కడ లాటిన్, తర్కం, సభలో నిలబడి మాట్లాడే విద్య, అన్నీ ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తాయి. మంచి బడి. కానీ మార్లిస్ చదువును చూసి పంపలేదు, కంచెను చూసి పంపింది. ఆమెకు వెర్న్ అని ఒక అన్న ఉన్నాడు. పద్దెనిమిదేళ్లకు యూనివర్సిటీకి వెళ్లాడు. ఆ క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి, భోజనం ముందు ప్రార్థనకు తల వంచనన్నాడు. ఇరవై రెండేళ్లయింది. తండ్రి చనిపోయినప్పుడు సమాధి దగ్గరికి మాత్రం వచ్చి, కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మార్లిస్‌కు ఒకటే భయం. తన కడుపున పుట్టినవాళ్లు కూడా అలా ఒకరోజు కళ్లెత్తి పరాయివాళ్లలా చూస్తారేమోనని.

మర్నాడు ఉదయం లంచ్ డబ్బా పెడదామని మార్లిస్ కూతురి సంచి తెరిచింది. వాదం నోటుపుస్తకం చేతికి తగిలింది.

ఈ వాదం మా బడిలో పెద్ద పండగ లాంటిది. ఎనిమిదో తరగతి పిల్లలు తలా ఒక ప్రశ్న ఎంచుకుంటారు. నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద విశ్వాసానికి ఎదురు వాదం రాయాలి, కుడి పేజీ మీద దానికి జవాబు రాయాలి. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం తల్లిదండ్రులందరి ముందూ బల్లకు ఎడమవైపు నిలబడి ఎదురు వాదం చెప్పి, కుడివైపుకు వచ్చి జవాబు చెప్పాలి. తర్కం నేర్పే కోర్వర్ మేష్టారు దీనికి ఒక నియమం పెట్టారు. ఎదుటివాడి మాట ఎంత న్యాయంగా చెప్పాలంటే, ఆ ఎదుటివాడే సభలో ఉంటే లేచి "ఔను, నా మాట ఇదే" అనాలి. అది చేతకానివాడికి జవాబు చెప్పే హక్కు లేదు.

మార్లిస్ ఎడమ పేజీ చదివింది.

"అక్టోబరు పదిహేడున డెల్మర్ హేవర్‌కాంప్ గారు గట్టిపడిన మొక్కజొన్నను కదిలించడానికి రేకు గాదెలోకి దిగి, గింజల్లో కూరుకుపోయారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా ఊరివాళ్లు గాదె రేకులు కోశారు. అంతసేపూ మేము అరవై మందిమి మోకాళ్ల మీద ఉన్నాం. మేము అడగాల్సినట్టే అడిగాం. నాలుగున్నరకు ఆయన శవం బయటికి వచ్చింది. విని కూడా ఊరుకుంటే, దేవుడు మంచివాడని ఎలా చెప్పాలి? వినలేదంటే, రోజూ నేను ఎవరితో మాట్లాడుతున్నాను?"

కుడివైపు పేజీ ఖాళీగా ఉంది.

మార్లిస్ వెంటనే ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"అయితే ఏమైంది? ఎదురు వాదం రాయమన్నారు, రాసింది," అన్నాడు గెరిట్.

"కుడి పేజీ ఖాళీగా ఉంది."

"ఇంకా వారం టైముందిగా. దానికెప్పుడూ ఆఖరి నిమిషమే."

"వెర్న్ కూడా ఇలాగే మొదలెట్టాడు గెరిట్."

అవతల రెంచి కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "పోనీ, దాన్నే అడుగు."

"అడిగితే... నిజం చెప్తే?"

తల్లులారా, తండ్రులారా, మీలో ఎందరు ఇదే భయంతో పిల్లల గది తలుపు దాకా వెళ్లి, తట్టకుండా తిరిగి వచ్చారో నాకు తెలియదు. నేను మాత్రం వచ్చాను.

అడగడానికి ధైర్యం చాలని మనిషి రాయడానికి కూర్చుంది. పాస్టరుగారి ప్రసంగాల నుంచి, ప్రశ్నోత్తరాల నుంచి ఏరి, కుడివైపు పేజీకి సరిపడా జవాబు తానే రాసింది. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. మా వాళ్లకు కంఠతా వచ్చినదంతా గుండెలోకి దిగినట్టేనని గట్టి నమ్మకం. మార్లిస్ కూడా ఆ నమ్మకం మీదే ఆనుకుంది.

సాయంత్రం ఆ కాగితం కూతురి చేతికిచ్చింది. "నీకు టైం చాలదని కాస్త సాయం చేశాను."

"నా పుస్తకం చదివావా అమ్మా?"

"లంచ్ పెడుతుంటే కనబడింది."

"ఎడమ పేజీ కూడానా?"

"చదివాను. అవతలివాళ్ల వాదం చాలా బాగా రాశావు."

తిర్జా తల్లి ముఖంలోకి చూసింది. "అవతలివాళ్లా," అంది నెమ్మదిగా.

"అంతేగా?"

ఆ రెండు మాటల్లో ఎంత బతిమాలడం ఉందో తిర్జాకు అర్థమైంది. పిల్లలు మనం అనుకునేంత అమాయకులు కారు. తల్లి భయపడుతోందని తెలిస్తే తల్లినే కాపాడటానికి చూస్తారు.

"అంతేనమ్మా," అంది.

మార్లిస్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆ ఇంట్లో ఆ పిల్ల చెప్పిన మొదటి అబద్ధం అది, అడిగి మరీ చెప్పించుకున్నది కన్నతల్లి. వారం రోజులు గిన్నెలు తుడుస్తూ జవాబు అప్పజెప్పించింది. బుధవారానికే తడబాటు లేకుండా వచ్చేసింది. అయినా మార్లిస్‌కు అన్నం సహించలేదు. బాత్రూంలో కూతురు కాస్త ఆలస్యం చేసినా తలుపు దగ్గర నిలబడి వినేది. ఫోను మోగితే బడి నుంచేమోనని ఉలిక్కిపడేది.

శుక్రవారం మంచు పడుతున్నా సభ నిండింది. వెనక బల్ల మీద కాఫీ, చాక్లెట్ ముక్కలు పెట్టారు. మార్లిస్ కూర్చోబోతూ మూడో వరస చూసి ఆగిపోయింది. అక్కడ లవోన్ హేవర్‌కాంప్ ఉంది. డెల్మర్ భార్య. నాలుగు నెలలుగా చర్చికి తప్ప ఎక్కడికీ రాని మనిషి.

"ఆవిడెందుకొచ్చింది?" అంది మార్లిస్ భర్త చెయ్యి పట్టుకుని.

"నాకేం తెలుసు? నీ చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?"

తిర్జా బల్లకు ఎడమవైపు నిలబడింది. డెల్మర్ పేరు చెప్పలేదు గాని గాదె గురించి చెప్పింది, మోకాళ్ల గురించి చెప్పింది, నాలుగున్నర గంటల గురించి చెప్పింది. వంటగదిలో వారమంతా వినిపించిన గొంతు కాదు అది. అప్పజెప్పే పిల్ల గొంతుకు ఎత్తుపల్లాలు ఉండవు. ఈ గొంతు రెండుసార్లు వణికింది. అవతలివాళ్ల వాదం అన్న ముసుగు అందరి ముందూ జారిపోతోంది. ఒక్క నిమిషం, ప్రభువా, కుడివైపుకు వచ్చేస్తే గట్టెక్కుతాం అనుకుంది.

తిర్జా కుడివైపుకు వచ్చింది. మూడు వాక్యాలు చక్కగా చెప్పింది. నాలుగోది మొదలుపెట్టి ఆగింది.

మార్లిస్ పెదవులు నాలుగో వాక్యాన్ని శబ్దం లేకుండా అందించాయి. కూతురు ఆ పెదవులను చూసింది.

"ఇది మా అమ్మ రాసింది," అంది తిర్జా. "తప్పని అనను. నాకు మాత్రం ఇంకా తెలీదు. తెలీనిది తెలిసినట్టు లవోన్ ఆంటీ ముందు చెప్పలేను. నా కుడి పేజీ ఖాళీగానే ఉంది."

ఆర్డిత్ లేచింది. "మేష్టారూ, ఆ పిల్లని కూర్చోమనండి. మన పిల్లలకి నేర్పించేది ఇదా? రేపు చిన్న తరగతుల వాళ్లు కూడా నాకు తెలీదంటారు. వాళ్లమ్మానాన్నల పరువైనా చూడద్దూ?"

మార్లిస్ తల దించుకుంది. ఇరవై రెండేళ్లుగా ఏ క్షణానికి భయపడుతోందో అది వచ్చేసింది, అదీ ఊరంతటి ముందు. లేచి కూతురి దగ్గరికి వెళ్లాలనుంది. కానీ వెళ్లలేదు.

అప్పుడు మూడో వరసలో లవోన్ లేచి నిలబడింది.

"ఔను. నా మాట ఇదే," అంది.

కోర్వర్ మేష్టారు కళ్లజోడు తీశారు.

"నాలుగు నెలల్నించి మీరంతా నాకు కూరలు తెచ్చారు. జవాబులు తెచ్చారు. మీ మేలు మర్చిపోను," అంది లవోన్. "ప్రశ్నతో వచ్చింది మాత్రం ఈ పిల్లొక్కతే. రెండుసార్లు సైకిలేసుకుని మా ఇంటికొచ్చింది. ఇలా అడుగుతానాంటీ, మీకు నొప్పి అనిపిస్తే మానేస్తానంది. మానద్దన్నాను. ఆర్డిత్, నేనింకా చర్చికి ఎందుకొస్తున్నానో తెలుసా? దేవుడితో రోజూ పోట్లాడుతున్నాను కాబట్టి. లేనివాడితో పోట్లాడతానా?"

రెండుసార్లు. మార్లిస్‌కు ఆ మాటే చెవిలో నిలిచిపోయింది. మంచు రోడ్డు మీద రెండు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ తన కూతురు ఇంకొకరి గుమ్మం తట్టింది. సొంత ఇంట్లో అడగడానికి భయపడి.

మేష్టారు లేచారు. డెబ్బై దాటిన మనిషి, గొంతు పెద్దది కాదు.

"నియమం ప్రకారం తిర్జా వాదం పూర్తి కాలేదు. ఆ పేజీ అలాగే ఉంచుకో తల్లీ, తొందర లేదు. ఇక పెద్దలకో మాట. నలభై ఏళ్లుగా పిల్లలకి చెప్తున్నాను. నా దగ్గర చదివి, తర్వాత దేవుణ్ణి వదిలేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు రోజూ ప్రార్థనలో తలుచుకుంటాను. వాళ్లలో ఒక్కరు కూడా ఇక్కడ నిలబడి నాకు తెలీదు అనలేదు. అందరూ పొల్లుపోకుండా అప్పజెప్పినవాళ్లే. మనం చప్పట్లు కొట్టి పంపించాం."

మార్లిస్‌కు అన్న గుర్తొచ్చాడు. ప్రశ్నోత్తరాలలో వెర్న్‌దే ఎప్పుడూ మొదటి బహుమతి.

సభ ముగిశాక గెరిట్ నెల్‌ను ఎత్తుకుని కాఫీ బల్ల దగ్గర ఆగాడు. తల్లీ కూతురూ ముందే వచ్చి కారులో కూర్చున్నారు. అద్దాల మీద మంచు పేరుకుంది. హీటర్ ఇంకా వేడెక్కలేదు.

"నా మీద కోపంగా ఉందా?" అంది తిర్జా.

"కోపం కాదే. భయం."

"నరకానికి పోతాననా?"

మార్లిస్ ఆలోచించింది. జవాబు తొందరగా ఇవ్వకుండా ఆలోచించడం ఆ వారంలో అదే మొదటిసారి. "నువ్వు నాతో మాట్లాడటం మానేస్తావని."

"మానేశాను కదమ్మా," అంది తిర్జా. "అక్టోబర్లోనే."

మార్లిస్ స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుంది. నాలుగు నెలలు రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నారు, రోజూ తప్పులేని జవాబులు విన్నది, బిడ్డ వెళ్లిపోయిన సంగతి తెలియనే లేదు. అంతటి భయం ఆమె జీవితంలో ఎరగదు. ఏడుపు వస్తే ఏడ్చింది. తిర్జా తన చేతితొడుగు తీసి, కళ్లు తుడుచుకోమన్నట్టు తల్లి ఒడిలో పెట్టింది.

"మళ్లీ మాట్లాడతావా?" అంది మార్లిస్.

"నువ్వు జవాబు రాయకుండా ఉంటావా?"

"ఉంటాను. నాకు భయంగానే ఉంటుంది. అయినా వింటాను." కళ్లు తుడుచుకుంది. "చెప్పు. ఆ రోజు నాలుగున్నరకి, మోకాళ్ల మీంచి లేచాక, నీకేమనిపించింది?"

తిర్జా చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల రేపు ఏమవుతుందో, ఆ కుడి పేజీ మీద ఎప్పటికి ఏం రాస్తుందో నేను చెప్పలేను, ఆమె తల్లి కూడా చెప్పలేదు. ఒకటి మాత్రం చెప్పగలను. మన పిల్లలు దేవుడికి దూరమయ్యేది ప్రశ్న పుట్టిన రోజున కాదు, ఆ ప్రశ్నతో మన దగ్గరికి రావడానికి జంకిన రోజున.