ఎవరు మాట్లాడేది?

రుసియాతే లారీ దిగేసరికి అతని చంకలో చాప చుట్ట ఉంది. అంచులకు రంగు ఊలు కుట్టిన మొగలాకు చాప; చావు ఇంటికి వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళేది. నడుముకు లుంగీలాంటి నల్ల సులు కట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తెల్లవారకముందే రాజధాని సువాలో బస్సెక్కి, ఆపైన పడవెక్కి, ఓవలావు దీవి చుట్టూ తిరిగే లారీలో మిగిలిన దారంతా ఊగుతూ వచ్చాడు. వాకిట్లో కూర్చుని దాలో దుంపల మట్టి గీకుతున్న అపెనీసాను చూసి, చాప దించడం మరిచి నిలబడిపోయాడు.

"బతికే ఉన్నావా?" అన్నాడు చివరికి.

"ఉన్నట్టే ఉంది. ఎవరికి బావా ఆ చాప?"

"నీకే. ఇంత దూరం మోసుకొచ్చాక ఇప్పుడు లేచి కూర్చున్నావు. ఎప్పుడూ ఇంతే నువ్వు, ఒక్క పని టైముకి చెయ్యవు."

వాళ్ళ వరస అలాంటిది. ఒకరు మేనత్త కొడుకు, ఒకరు మేనమామ కొడుకు. అలాంటి ఇద్దరు మర్యాదగా మాట్లాడుకుంటే ఊళ్ళో ఏదో జరిగిందనుకుంటారు. అరవై ఏళ్ళుగా వాళ్ళు ఊరికి ఆ అనుమానం రానివ్వలేదు.

రుసియాతే మెట్టు మీద కూలబడి ఊపిరి తీసుకున్నాడు. అతని కళ్ళ కింద వాపు ఉంది. అది ప్రయాణం వల్ల వచ్చినది కాదని అపెనీసాకు అర్థమైంది.

"మొన్న నీ మెసేజ్ వచ్చింది. 'ప్రియమైన రుసియాతే, ఆసుపత్రిలో ఉన్నాను, దయచేసి సాయం చెయ్యి' అని. ప్రియమైన అట. దయచేసి అట. నాకు ఒళ్ళు చల్లబడింది. సరే చూద్దామని, 'ఇంకా పోలేదా ముసలి గబ్బిలమా' అని రాశాను. 'ధన్యవాదాలు' అని జవాబిచ్చావు. ఇక అయిపోయిందనుకున్నాను బావా. పోయేముందు మనిషి మెత్తబడతాడంటారు."

"నేనేం రాయలేదు."

"నీ పేరే, నీ ఫొటోనే. ఫోన్ చేస్తే ఎత్తవు."

"ఫోన్ పాడైంది. మెసేజ్‌లు తెరుచుకోవడం మానేశాయి. బిస్కెట్ల డబ్బాలో పడేశాను."

రుసియాతే అతని వైపు తదేకంగా చూశాడు. ముప్పై ఏళ్ళు సువా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసినవాడు; తీగలో తేడా ఎక్కడుందో వెతకడం అతనికి అలవాటు.

"అది పాడయ్యే ముందు ఎవరికైనా ఏదైనా నంబర్ చెప్పావా? ఆరంకెలది?"

అపెనీసా చేతిలో కత్తి ఆగింది.

చెప్పాడు. సోమవారం మధ్యాహ్నం తెలియని నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. "మామయ్యా, ఫోన్ నీళ్ళలో పడింది, ఇది కొత్త నంబర్." ఆస్ట్రేలియాలో పళ్ళు కోసే పనికి వెళ్ళిన మేనల్లుడు ఒకడే ఉన్నాడు అతనికి. "జొసాయానా?" అని రాశాడు. "అవును" అని వచ్చింది. "నీ ఫోన్‌కి ఒక కోడ్ వస్తుంది, అది నాకు పంపు." వచ్చింది, పంపాడు. ఎందుకని అడగలేదు.

వాళ్ళ ఆచారంలో చెల్లెలి కొడుకును మేనమామ ఎందుకని అడగడు. వాడు పెరట్లో పంది కావాలన్నా పడవ కావాలన్నా వాడిదే. పైగా ఆ చెల్లెలు విలిసి పోయి మూడేళ్ళయింది. చివరి రోజుల్లో ఆమె ఒక్కటే కోరింది, నేను లేనని వాడికి నీ గుమ్మంలో తెలియకూడదు అన్నయ్యా, అని. ప్రశ్న అనేది గుమ్మంలో అడ్డంగా పెట్టిన కర్ర అని అపెనీసా నమ్మాడు. అందుకే ఆ కర్రను ఎన్నడూ పెట్టలేదు.

"పేరు వాడు చెప్పలేదు," అన్నాడు రుసియాతే నెమ్మదిగా. "నువ్వే చెప్పావు. వాడు అవునన్నాడంతే. ఆ కోడ్ నీ ఇంటి తాళం. దాంతో లోపలికొచ్చి, నీ కుర్చీలో కూర్చుని, నీ గొంతుతో అందరినీ పిలుస్తున్నాడు."

ఆ దొంగ పిలిచినవాళ్ళలో ఇద్దరు పలికారు కూడా. రుసియాతే తన ఫోన్‌లో ఒక్కొక్కరినీ పిలిచి, అది అపెనీసా కాదు, ఏమీ పంపకండి అని చెబుతుంటే ఆ సంగతి బయటపడింది. చర్చి పెద్ద సైరూసి, నడవలేని పెద్దమ్మ అసెనాదా. ఇద్దరూ ఎందుకు అనకుండా డబ్బు పంపేశారు. అపెనీసాను తాము ఎలా ప్రశ్నిస్తామని.

అపెనీసా లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. అసెనాదా వేళ్ళు అతని కళ్ళ ముందు కదిలాయి. వణికే ఆ వేళ్ళు తన పేరు చూసి, తన కోసం, ఆ చిన్న అక్షరాల మీద ఎంతసేపు వెతుక్కుని ఉంటాయో. అతను మోసపోయాడు, అది అంత బరువుగా లేదు. తనను నమ్మడం వల్ల వాళ్ళు మోసపోయారు. మనిషి పేరు మనిషిలో ఉండదు, దాన్ని నమ్మినవాళ్ళలో ఉంటుంది. అక్కడ పడిన మచ్చను ఇక్కడి నుంచి తుడవడం ఎలా?

రుసియాతే ఈలోపు డబ్బాలోంచి ఫోన్ తీసి పని మొదలుపెట్టాడు. అదే నంబర్‌తో మెసేజ్‌ల ఖాతాను మళ్ళీ నమోదు చేశాడు. కొత్త కోడ్ వచ్చింది. దాన్ని ఎవరికీ పంపకుండా అపెనీసా చేతనే నొక్కించాడు. దాంతో దొంగ ఆ ఖాతాలోంచి బయటికి పోయాడు. పైన ఇంకో రహస్య సంఖ్య పెట్టించి, "ఇది నాకూ చెప్పకు. ముఖ్యంగా నాకు," అన్నాడు. పంపిన డబ్బు ఆపగలరేమో కనుక్కోమని ఆ రెండిళ్ళకూ చెప్పాడు.

"సాయంత్రం ఆనవాయితీగా యంగోనా మొక్క వేళ్ళ కట్ట పట్టుకుని ఆ రెండిళ్ళకీ వెళ్ళి తప్పు ఒప్పుకుంటాను," అన్నాడు అపెనీసా. "తర్వాత ఫోన్ సముద్రంలో వేస్తాను."

"వెయ్యి. చేపలకి కూడా 'ప్రియమైన' అని మెసేజ్‌లు వెళ్తాయి."

అపెనీసా నవ్వలేదు. "ఇక జొసాయా నిజంగా రాసినా నేను నమ్మలేను బావా. అలా ఎలా బతకను?"

అప్పుడే, ఇద్దరి మధ్య చాప చుట్ట మీద పెట్టిన ఆ ఫోన్ మోగింది. తెలియని నంబర్. "మామయ్యా, నేను. తోట మారాను, కొత్త నంబర్ ఇచ్చారు."

అపెనీసా వేలు 'జొ' అనే అక్షరం దాకా వెళ్ళి ఆగింది. వాడే అయితే? తల్లి లేని పిల్లవాణ్ణి నువ్వెవరివని అడగాలి. వాడు కాకపోతే? అడగకపోతే మళ్ళీ తలుపు తెరిచినట్టే. ఏ వైపు అడుగేసినా విలిసి ఎదురుగా నిలబడినట్టుంది.

"నా ఉద్యోగంలో మొదటి మాట ఏమిటో తెలుసా?" అన్నాడు రుసియాతే. ఈసారి గొంతులో వెటకారం లేదు. "'ఎవరు మాట్లాడేది?' రోజుకి వందసార్లు. గవర్నర్‌నీ అడిగాను, మా అమ్మనీ అడిగాను. ఒక్కరూ కోపగించుకోలేదు. ఎవరో తెలిస్తేనే కదా సరైన చోట కలిపేది. అడ్డం పెట్టడానికి అడగలేదు బావా, కలపడానికి అడిగాను."

"పాత నంబర్‌కి చేసి చూడనా?"

"చెయ్యి. అది పలక్కపోతే దీనికి చేసి గొంతు విను. వాడికీ నీకూ తప్ప ఎవరికీ తెలియనిది అడుగు. పేరు మాత్రం నువ్వు అందించకు."

పాత నంబర్ మోగనేలేదు. కొత్తది రెండోసారికే ఎత్తారు. వెనక ట్రాక్టర్ శబ్దం.

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు అపెనీసా. ఆ రెండు మాటలకు అతని చొక్కా తడిసింది.

"నేనే మామయ్యా."

"నేనంటే ఎవరు? మీ అమ్మ చిన్నప్పుడు నిన్ను ఏమని పిలిచేది?"

ట్రాక్టర్ శబ్దం దూరమైంది. ఫోన్ పట్టుకున్నవాడు పక్కకు నడిచాడు కాబోలు. ఆ కాసేపట్లో అపెనీసా తనను తాను క్షమించుకోలేని స్థితికి వచ్చేశాడు.

"కుండ," అంది గొంతు. "ఖాళీ వంటకుండ కనిపిస్తే అందులో కూర్చునేవాణ్ణని. రా రా కుండా, అన్నం వండేస్తాను నీలో, అనేది."

"అవును," అన్నాడు అపెనీసా.

"ఆ పేరు ఎవరూ అనక మూడేళ్ళయింది మామయ్యా."

జరిగింది అపెనీసా దాచకుండా చెప్పాడు. పిల్లవాడు విన్నాడు. తోటలోనూ ఇద్దరికి ఇలాగే అయిందన్నాడు. తనకేమీ అక్కర్లేదని, నంబర్ చెబుదామనే రాశానని అన్నాడు.

"అడిగానని ఏమీ అనుకోకు."

"ఇకమీదట నేనేది అడిగినా ముందు ఇదే అడుగు మామయ్యా. ప్రతిసారీ అడుగు."

ఫోన్ పెట్టేశాక అపెనీసా మళ్ళీ దుంపలు చేతిలోకి తీసుకున్నాడు. రుసియాతే చాప చుట్ట విప్పి వాకిట్లో పరిచి, చెప్పులు విడిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు.

"నా చావు చాప మీద నువ్వు పడుకుంటావేంటి?" అన్నాడు అపెనీసా.

"నీ పేరుతో వచ్చిన ఆ మెసేజే బాగుంది. ఒక్కసారి 'ప్రియమైన' అను, లేస్తాను."

"లేవరా పంది మొహమా. దుంపలు ఉడకాలి. సైరూసి ఇంటికి పొద్దుండగానే వెళ్ళాలి."

రుసియాతే కళ్ళు మూసుకునే, తృప్తిగా తలాడించాడు.