చిరగని నోటీసు

పాడుబడ్డ ఇళ్ళను నగరపాలక సంస్థ వేలం వేసేముందు, వాటిలో ఎవరూ లేరని నిర్ధారించడం నా పని. తలుపు రెండు రెక్కలనూ కలుపుతూ ఒక నోటీసు అంటిస్తాం. ముప్పై రోజుల తరువాత అది చిరగకుండా ఉంటే ఇల్లు ఖాళీ. ఇరవై ఆరేళ్ళుగా ఈ పరీక్షను పెద్దగా శంకించలేదు.

ఆ ఇంటి నోటీసు చెక్కుచెదరలేదు. అయితే దాని మీద ప్లాస్టిక్ కవరు కట్టి ఉంది. ఖాళీ ఇల్లు కాగితానికి వానకోటు తొడగదు. ఇంటి వెనక్కి వెళ్ళి చూస్తే, గోడ కూలిన గది పక్కన ఒకామె మిషను మీద జాకెట్టు కుడుతోంది.

"ఇక్కడే ఉంటున్నారామ్మా?"

"పదకొండేళ్ళ నుంచీ అండీ. మా పెద్దమ్మ నాకిచ్చిన ఇల్లు."

"మరి తలుపు తీయలేదేం?"

"చించితే శిక్ష అని రాశారు కదండీ! గోడ పడిన వైపు నుంచి వస్తున్నా. తడవకుండా కవరు కూడా కట్టా."

"అభ్యంతరం ఉంటే చెప్పమని పైన రాసుంది కదమ్మా."

"కింది లైనొక్కటే అర్థమైందండీ."

మెచ్చుకుంటానని కాబోలు, ఆమె నా ముఖంలోకి చూసింది. ఎల్లుండి ఇల్లు అమ్ముతారని చెప్పాను. మిషను ఆగిపోయింది.

నా నివేదికను సూపరింటెండెంటు పక్కకు నెట్టాడు. "మళ్ళీ వ్యాసమా సైంటిస్టు గారూ? కంప్యూటర్లో రెండే గళ్ళు. చిరిగింది, చిరగలేదు."

"లోపల మనిషి ఉందండీ."

"ఉంటే ఉంది, ఆ ముక్క రాయడానికి గడేదీ? చిరిగిన నోటీసు ఫొటో తెండి, లిస్టులోంచి తీసేస్తా. లేదంటే నా చేతుల్లో లేదు."

ఫలితం ముందే తేల్చుకుని ప్రయోగం చేయడం నాకు గిట్టదు. అయినా మర్నాడు ఉదయమే బస్సెక్కాను.

"చించండమ్మా, ఇల్లు దక్కుతుంది."

"అమ్మో! నా వల్ల కాదండీ."

కవరు తీసి, తలుపును భుజంతో తోశాను. కాగితం నిలువునా చిరిగింది.

"అయ్యయ్యో, ఆఫీసు మనిషై ఉండి ఇదేం పనండీ! నెల్రోజులు కంటికి రెప్పలా చూసుకున్నా!" అంటూ ఆమె జిగురు కోసం లోపలికి పరుగెత్తింది.

ఆమె తిరిగి వచ్చేలోగా ఫొటో తీశాను.