మాటలో రెండో సగం

ఆ ఊరికి చలికాలమంతా నదే దారి. గడ్డకట్టిన వోల్గా మీద దేవదారు కొమ్మలు వరసగా పాతి ఉంటాయి. వాటి వెంట మంచుబండి తోలితే కళ్లు మూసుకుని అవతలి ఒడ్డు చేరొచ్చు. మంచు పలచబడ్డ చోట కొమ్మలు పీకి గట్టి చోట పాతడం సవేలి ఉద్యోగం. పన్నెండేళ్లలో ఒక్క గుర్రపు గిట్ట తడవలేదని గొప్పలు చెప్పుకునేవాడు. నిరుడు మార్చి నుంచి ఆ గొప్పలు మానేశాడు.

ఉస్తీన్యా బండివాడు నజర్ పెళ్లాం. నాలుగేళ్లుగా ఆమె నీళ్లకొచ్చే వేళకే సవేలికి ఏటి ఒడ్డున పని పడేది. ఆమె నవ్విందీ లేదు, ఆశపెట్టిందీ లేదు. పిచ్చి పట్టడానికి ఒకరు మందు పెట్టాలా?

నిరుడు మార్చిలో ఒక మధ్యాహ్నం మలుపు దగ్గర మంచు బూడిదరంగుకి తిరిగి, నీరు ఊరడం చూశాడు. ఆ సాయంత్రమే నజర్ సంత నుంచి వస్తాడని తెలుసు. కొమ్మలు మార్చడం గంట పని. సవేలి గుడిసెలో కూర్చుని టీ తాగాడు. రెండో గ్లాసూ తాగాడు. నేనెవర్నీ తోయలేదుగా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. నజర్ గుర్రంతో సహా మునిగాక, ఊరు పరిగెత్తుకొచ్చేలోపు కొమ్మలన్నీ పీకి ముప్పై అడుగుల అవతల పాతేశాడు. కొమ్మలు ఇక్కడ, గుంట అక్కడ. తాగి దారి తప్పాడని ఊరు తేల్చేసింది. చచ్చినవాడు వచ్చి కాదంటాడా?

ఏడాదిగా నజర్ తల్లి పెలగేయాకీ, ఉస్తీన్యాకీ కట్టెలు కొట్టి పెట్టింది సవేలే. చివరికి ఉస్తీన్యా ఒప్పుకుంది. "మా అత్త దేవుడి పటం పట్టుకుని దీవిస్తే, ఈస్టరు వెళ్లాక నిన్ను చేసుకుంటాను" అంది.

ఈస్టరుకు ముందొచ్చే పెద్ద ఉపవాసాలు తెల్లారితే మొదలనగా, ఆదివారం అది. ఆ రోజు ఎవరైనా సరే ఎదుటివాళ్లకు మోకరిల్లి "నన్ను క్షమించు" అంటారు. వాళ్లు "దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమించాను" అంటారు. దేనికని చెప్పరు, అడగరు. ఈ ఆచారం తనకోసమే పుట్టిందనుకున్నాడు సవేలి.

"తిను బాబూ, రేపట్నించి ముల్లంగి ముక్కలే" అంటూ పెలగేయా వెన్న రాసిన అట్లు పెట్టింది. "కట్టెలు కొట్టి కొట్టి నడుం వంగింది. పెళ్లినాడు నిన్నెవరు నిలబెడతారో."

బల్లమీద తువ్వాలు పరిచి, దేవుడి పటం సిద్ధంగా ఉంచారు. సవేలి చెయ్యి తుడుచుకుని లేవబోయాడు. ముసలామె అతనికంటే ముందే నేలమీద మోకరిల్లింది.

"లే అత్తా, నువ్వెందుకు?"

"ఉండు, చెప్పనీ. నా కొడుకు మందు ముట్టడు బాబూ. అందులోనూ అప్పుడు ఉపవాసంలో ఉన్నాడు. అందుకని నువ్వే కొమ్మలు మార్చలేదని, వాడు పోయాక మార్చావని అనుకున్నా. నీ కట్టెలతోనే చలి కాచుకుంటూ ఏడాదంతా నిన్ను తిట్టుకున్నా. అంత పని చేసినవాడు మాకింత చేస్తాడా? ఊరన్నదే నిజం. నావాడు తాగే ఉంటాడు. నన్ను క్షమించు నాయనా."

గుమ్మడికాయల దొంగలా సవేలి చెయ్యి భుజం మీదికి పోయింది. రెండు మాటలంటే చాలు, ఉస్తీన్యా తనదవుతుంది.

"దేవుడు క్షమిస్తాడు" అన్నాడు.

రెండో మాట నాలుకమీదే ఉంది. ఏడాదిగా ఊరందరితో అలవోకగా అబద్ధాలాడినవాడే. కానీ తన కాళ్ల దగ్గర ఆ తెల్లజుట్టు చూస్తుంటే, బతుకులో మొదటిసారి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆమెను నేను క్షమించడమేమిటి అనుకున్నాడు.

"చెప్పు సవేలీ" అంది ఉస్తీన్యా. "అత్తకి మోకాళ్లు నొప్పి."

అతను పటం మీంచి చూపు తిప్పుకున్నాడు.

"రెండోది అనవేం?" అంది ఉస్తీన్యా మళ్లీ.

పొయ్యిమీద పెనం మాడు వాసన వచ్చింది. ఎవరూ దించలేదు. ఉస్తీన్యా అతని మొహం చాలాసేపు చూసింది. తర్వాత పటాన్ని తువ్వాలుతో సహా తీసి మూలనున్న అరలో పెట్టేసింది.

పెలగేయా ఇంకా నేలమీదే ఉంది. చేత్తో శిలువ గుర్తు వేసుకుంది. ఏడాదిగా ఎవరూ చూడని తేట ఆమె మొహంలోకి వచ్చింది.

"అయితే నా బిడ్డ తాగలేదన్నమాట" అంది.