మూసుకుపోయిందన్న చెవి

పొద్దున ఎనిమిదిన్నరకల్లా తాళాలాయన తన రేకు కొట్టు తెరుస్తాడు. కొట్టంటే ఏదో ఊహించుకునేరు. మనిషి కూర్చుంటే మోకాళ్ళు రోడ్డుమీదికొస్తాయి, అంతే. గోడనిండా మేకులు, మేకులకి గుత్తులుగా తాళంచెవులు, బల్లకి బిగించిన వైసు, పక్కన మూడు ఆకురాళ్ళు. ఆకురాయి కర్‌కర్‌మంటే చాలు, ఆయన వచ్చేశాడు, ఇక తాళంచెవి ఎక్కడ పారేసుకున్నా పర్వాలేదని వీధికి ధీమా.

ఎదురుగా దర్జీ కొట్టు. దర్జీ ఈయన్ని బావా అంటాడు. ఏ వరసని మాత్రం అడక్కండి. ముప్ఫయ్యేళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే వరసలు వాటంతటవే కలుస్తాయి.

"బావా, ఇవాళ మీవాడేమంటున్నాడు?" అని దర్జీ మిషను తొక్కుతూ అడిగేవాడు.

"లెక్కల మాస్టారు చేత తిట్లు తింటున్నాడు."

"తిననీ, తిననీ. వంటికి మంచిది."

విషయం ఏమిటంటే, తాళాలాయన ఎడమ చెవి కొడుకుది. కొడుకు ఎక్కడ ఏం మాట్లాడినా ఆ చెవిలో, పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడుతుంది. ఈయన మాట మాత్రం అటు వెళ్ళదు. పిల్లాడు పుట్టిన రోజున ఈయన ఆసుపత్రి ఎదురుగా టీ తాగుతున్నాడు. ఉన్నట్టుండి చెవిలో కేరుమని ఏడుపు. "మావాడు వచ్చేశాడు," అని గ్లాసు బల్లమీద పెట్టి లేచాడు. టీకొట్టాయన డబ్బులు కూడా తీసుకోలేదు. కొందరికి వాన రాబోతోందని మోకాలు చెబుతుంది చూడండి, ఇదీ అలాంటిదే అనుకున్నారంతా.

పిల్లాడి ఆరో ఏట తల్లి పోయింది. అప్పట్నుంచి తల్లి చేసే పని కూడా ఆ చెవే చేసింది. బళ్ళో వాడు "కడుపునొప్పి టీచర్" అన్నాడంటే, కబురు బయల్దేరేలోపే ఈయన సైకిలు గేటు దగ్గరుండేది. వాడూ తక్కువ తిన్నాడా? క్లాసులో కూర్చుని "రంగు పెన్సిళ్ళు, పన్నెండు ఉండే పెట్టె" అని గొణిగేవాడు. సాయంత్రానికి అవి ఇంట్లో ఉండేవి. వీధంతా వాణ్ణి బుజ్జిగాడనేది.

పదిహేనో ఏట ఒకరోజు బుజ్జిగాడు కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా అడిగాడు. "నాన్నా, నేను ఫ్రెండ్సుతో మాట్లాడేవి కూడా నీకు వినపడతాయా?"

వాడి మొహం చూస్తే తండ్రికి జాలేసింది. ఆ వయసులో మనం మాత్రం ఇంట్లో ఎన్ని దాచలేదు! "లేదురా. ఆర్నెల్లయింది. మూసుకుపోయింది," అన్నాడు. వాడికి నమ్మకం కుదరడానికి చెవిలో దూది కూడా పెట్టుకున్నాడు. ఆ రోజు వాడు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

మూసుకుపోతే కదా! దూది లారీ హారన్లని ఆపింది గానీ కొడుకు మాటనెలా ఆపుతుంది? నిజం దర్జీకి ఒక్కడికే తెలుసు. వినకూడనిది వినపడబోతోందని అనుమానం వస్తే తాళాలాయన ఆకురాయి గట్టిగా రుద్దేవాడు. అయినా కొన్ని వినపడ్డాయి. ఒకమ్మాయిని బతిమాలుకోవడం వినపడింది. "మా నాన్నా? రేకుడబ్బాలో కూర్చునే మనిషికి లోకం గురించి ఏం తెలుసు?" అనడం వినపడింది. చదువయ్యాక రెండేళ్ళపాటు ఇంటర్వ్యూలన్నీ వినపడ్డాయి. "నేర్చుకుంటాను సార్." "ఎంతిచ్చినా చేస్తాను సార్." "థాంక్యూ సార్." ఆ చివరి థాంక్యూ ఉంది చూశారూ, అది వాడి నోటినుంచి వచ్చేటప్పటికే చచ్చిపోయి ఉండేది.

ఆఖరికి దూరంగా ఓ పెద్ద ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. కస్టమర్ కేరు అని చెప్పాడు. వెళ్ళిన మర్నాడు చెవిలో మాట మొదలైంది. "నమస్కారమండీ. నేను క్రైం డిపార్ట్‌మెంటు ఆఫీసర్ని మాట్లాడుతున్నాను."

తాళాలాయన చెప్పగానే దర్జీ పకపకా నవ్వాడు. "పోలీసైపోయాడా! కాస్త ఆ ట్రాఫిక్కువాడికి చెప్పమను బావా, నా బండి వదిలేస్తాడు."

వారం తిరిగేసరికి ఎవరూ నవ్వలేదు. వాడి మాటల్నిబట్టి పద్ధతి అర్థమైంది. ముందు ఇంకెవడో వీడియో కాల్ చేసి, మీ పేరున వచ్చిన పార్సెల్లో మత్తుమందు దొరికింది, అరెస్టు చేస్తాం అని అవతలివాళ్ళ గుండెలు జారిపోయేలా బెదిరిస్తాడు. ఆ తర్వాత ఫోను బుజ్జిగాడికిస్తారు. వీడు మంచి ఆఫీసరు. "కంగారు పడకండమ్మా. ముందు కూర్చోండి. కాసిని మంచినీళ్ళు తాగండి. నేను చూసుకుంటాగా." ఆ తర్వాత తలుపేసుకోమంటాడు, ఫోను ఆపొద్దంటాడు, కన్నబిడ్డలకి కూడా చెప్పొద్దంటాడు. డబ్బంతా ఫలానా ఖాతాకి మార్చండి, విచారణ కాగానే తిరిగొస్తుందంటాడు.

ఆ "కంగారు పడకండమ్మా" విన్నరోజున తాళాలాయన చేతిలోంచి ఆకురాయి జారిపోయింది. ఆ మాటలు తనవి. ఇంటిబయట ఇరుక్కుపోయి, లోపల పొయ్యిమీద పాలున్నాయని ఏడ్చే ఆడవాళ్ళతో ముప్ఫయ్యేళ్ళుగా తను అనే మాటలు. సెలవుల్లో సంచీ పట్టుకుని వెనకాలే వచ్చిన పిల్లాడు గొంతుతో సహా నేర్చుకున్నాడు. అసలు నేర్వవలసినది ఇంకొకటుంది. పక్కింటివాళ్ళు వచ్చి ఇది వీళ్ళ ఇల్లేనని చెప్పందే, సాక్షిగా దర్జీ నిలబడందే ఈయన ఏ తాళమూ ముట్టుకోడు. అదొక్కటీ వాడికి ఒంటబట్టలేదు.

"ఫోను చేసి నాలుగు దులుపు బావా," అన్నాడు దర్జీ.

"ఏమని దులపను? నీకెలా తెలిసిందంటాడు. పదకొండేళ్ళుగా వింటున్నానని తెలిస్తే ఇక నోరు విప్పుతాడా? వాడి మాట తప్ప నాకింకేముంది చెప్పు."

దర్జీ మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టాడు. నన్నడిగితే, అక్కడే ఇద్దరూ తప్పు చేశారు.

ఒక మధ్యాహ్నం చెవిలో బుజ్జిగాడు ఎవర్నో అడుగుతున్నాడు. "పోయాడా? ఎవరు? మొన్న డబ్బు పంపిన మాస్టారా? ఎలా?" కాసేపు ఏమీ లేదు. తర్వాత, "కూతురికైనా చెప్పొద్దన్నది నేనే." ఆ తర్వాత తేలిగ్గా, మరీ తేలిగ్గా, "సరే, ఆ లిస్టు ఇలా ఇవ్వు."

ఆరోజు తాళాలాయన మూడు తాళంచెవులు తప్పుగా కోశాడు.

ఇంకో పది రోజులకి, పదకొండు గంటలవేళ, బుజ్జిగాడు ఒక అడ్రసు చదివాడు. "పాత వాటర్ ట్యాంకు వీధి, పదిహేడో నంబరు." చదువుతూ తడబడ్డాడు. ఆ వీధి కొట్టుకి ఫర్లాంగు దూరం. పదిహేడో నంబరు రిటైరైన నర్సమ్మది. ఒంటరి మనిషి. వాడికి చిన్నప్పుడు జ్వరమొస్తే సూది వేసిన చెయ్యి ఆమెది. తండ్రి ఆకురాయి ఆపాడు. ఆపేస్తాడు, ఇక్కడ ఆపేస్తాడు అనుకున్నాడు.

బుజ్జిగాడు గొంతు సవరించుకున్నాడు. "కంగారు పడకండమ్మా. తలుపు తాళం వేసుకుని కూర్చోండి."

తాళాలాయన సంచీ తీసుకుని లేచాడు. "రా," అన్నాడు దర్జీతో. దర్జీ మెడలో టేపు మెడలోనే ఉంది.

తలుపు కొట్టారు. "అమ్మా, నేను, తాళాలవాణ్ణి. తలుపు తియ్యండి." లోపల కుర్చీ కదిలిన చప్పుడు. అంతలో చెవిలో, "ఎవరమ్మా కొడుతున్నది? తీయకండి. పలకనే పలకొద్దు. వాళ్ళు మనుషులు కారు, ముఠావాళ్ళు."

దర్జీ పక్కింటావిణ్ణి పిలుచుకొచ్చాడు. "ఇది నర్సమ్మగారిల్లే. తియ్యండి, నేను చెబుతున్నాగా," అందామె. తాళం తాను బిగించినదే. రెండు నిమిషాల పని. చెవిలో ఆ మాటలు సాగుతూంటే పది నిమిషాలు పట్టింది.

నర్సమ్మ బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉంది. మంచినీళ్ళ సీసాకి ఆనించిన ఫోను ఆమె మొహాన్నే చూపిస్తోంది, పక్కన ఓ పోలీసు ముద్ర. బ్యాంకు పుస్తకం తెరిచి ఉంది. లోపలికొచ్చినవాళ్ళని చూసి చేతులు జోడించింది. "వెళ్ళిపోండి బాబూ. మీ మీదికి కూడా కేసొస్తుంది."

తాళాలాయన ఫోను మీదికి వంగాడు. చెవిలో దూది తీసేశాడు. ఎందుకు తీశాడో ఆయనకీ తెలీదు.

"బుజ్జీ."

అటునుంచి ఊపిరి వినపడింది, ఫోనులో.

"చెవి మూసుకుపోలేదురా. ఒక్కరోజు కూడా మూసుకుపోలేదు. నేనే అబద్ధం చెప్పాను. అన్నీ విన్నాను. మాస్టారు పోయాడని తెలిసినప్పుడు నువ్వన్నది కూడా విన్నాను. విని ఊరుకున్నాను. నేనూ ఊరుకున్నాన్రా."

"ఎవడ్రా ఆ ముసలోడు? కట్ చెయ్!" అని వేరే గొంతు అరిచింది. ఫోను ఆగిపోయింది.

నర్సమ్మకి విషయం తెలియడానికి కాసేపు పట్టింది. డబ్బు ఇంకా పంపలేదట, అంతవరకు నయం. "ఎంత మర్యాదగా మాట్లాడాడో," అంది. "మంచినీళ్ళు తాగమన్నాడు. మీ అబ్బాయా?"

"మావాడేనమ్మా," అన్నాడు తాళాలాయన. "మాట నేర్పింది నేను."

రెండు రోజులు చెవిలో ఏమీ లేదు. మూడో రోజు పొద్దున కొట్టు తెరిచాడో లేదో, "సార్, నేను లొంగిపోవడానికొచ్చాను," అని వినపడింది. ఆపైన నాలుగు గంటలు వాడు చెబుతూనే ఉన్నాడు. ఆఫీసు ఎక్కడ, నడిపేదెవరు, లోపల ఇంకా ఎంతమంది కుర్రాళ్ళున్నారు, వాళ్ళు పారిపోకుండా లాక్కున్న సర్టిఫికెట్లు ఏ బీరువాలో ఉన్నాయి, అన్నీ. తర్వాత తను మోసం చేసినవాళ్ళ పేర్లు. ఒక్కో పేరు ఆగి ఆగి, స్టేషన్లో వాళ్ళకి కాదు, ఇంకెవరికో అప్పజెబుతున్నట్టు చెప్పాడు. మాస్టారి పేరు చివర చెప్పాడు. తాళాలాయన బల్లమీద రెండు చేతులూ పెట్టుకుని విన్నాడు. దర్జీ వచ్చిన బేరాలన్నిటినీ ఆవల్నుంచే రేపు రమ్మన్నాడు.

శిక్ష పడింది. ఆరోజు నుంచి చెవిలో మాట లేదు.

తండ్రి చూడడానికి జైలుకి వెళితే వాడు బయటికి రాలేదు. "తల ఊపుతాడు, చెప్పిన పని చేస్తాడు, పల్లెత్తి మాట్లాడడు. మాట పడిపోయిందేమో, డాక్టరుకి చూపిస్తాం," అన్నాడు వార్డరు.

"పడిపోలేదు బాబూ," అన్నాడు తండ్రి. "నాకు వినపడకుండా దాచుకుంటున్నాడు."

ఆయన భయపడిందే జరిగింది. నెలలు గడిచాయి. దర్జీ పొద్దున్నే అడగడం మానలేదు. "ఏమంటున్నాడు బావా?" "ఏమీ అనట్లేదు." నర్సమ్మ కూరగాయల సంచీతో ఆగి అడిగేది. "ఇవాళైనా?" "లేదమ్మా." ఒక ఖాళీ చెవిని వీధి వీధంతా మోసింది. తాళాలాయన సన్నబడ్డాడు. పొయ్యి వెలిగించడం ఒక్కోరోజు గుర్తుండేది, ఒక్కోరోజు ఉండేది కాదు. ఆకురాయి రుద్దేటప్పుడు మధ్యమధ్యలో ఆపేసేవాడు, ఆ చప్పుడులో ఏదైనా తప్పిపోతుందేమోనని.

పదకొండో నెలలో ఒక మధ్యాహ్నం, బేరాల్లేని వేళ, చెవిలో గొంతు వినపడింది. వాడక లేక బొంగురుపోయిన గొంతు. అక్కడ పక్కన ఎవరూ లేనట్టుంది. ఎవరితోనూ అన్నట్టు లేదు.

"నాన్నా, అన్నం తిన్నావా?"

దర్జీ మిషను ఆగిపోయింది. బావ మొహం చూశాడేమో మరి.

"తిన్నాన్రా," అన్నాడు తాళాలాయన పైకే, ఆ మాట ఎక్కడికీ చేరదని తెలిసి కూడా.

పొద్దుట్నుంచి ఆయన ఏమీ తినలేదు. వాడికి ఒక అబద్ధం చెప్పింది చాలనుకున్నాడో ఏమో, కొట్టు తలుపు దగ్గరగా వేసి, అన్నం వండుకోవడానికి ఇంటికి నడిచాడు.