గుడి లేదని రాసిన కాగితం

గుడి లేదు, ఉత్త రాళ్ల గుట్టేనని రాసింది మీరు, వీఆర్వో మునికుమార్ గారూ. గుడి ఉందని రేకుల షెడ్డు వేసి ఆర్చి కట్టింది మాజీ సర్పంచి తులసీరాం. ఇద్దరిదీ అబద్ధమే. మీ రెండు అబద్ధాల మధ్య ఒక ముసలామెను పట్టుకుని, మొగుడి శవాన్ని తవ్వి తీసుకుపొమ్మంటున్నారు. సిగ్గుండాలి.

జరిగింది జరిగినట్టు చెబుతాను, అందరూ వినండి.

రేణిగుంట దాటి శ్రీకాళహస్తి దారిలో కొంత పోయి లోపలికి తిరిగితే మా నల్లరాళ్లపల్లె. ఊరి వెనక మిట్ట మీద రాతి గూళ్లున్నాయి. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒక బండ కప్పి ఉంటాయి. తూర్పు బండకు మనిషి తల పట్టేంత గుండ్రటి కంత. చుట్టూ రాళ్ల వలయం. వనవాసంలో పాండవులు తలదాచుకున్నారని మా తాతలు వాటిని ‘పాండవుల గుళ్లు’ అన్నారు. ఆ ‘గుడి’ అనే మాటే మా కొంప ముంచింది.

పదిహేనేళ్ల కిందట పురావస్తు వాళ్లు వచ్చి రెండు గూళ్లు తవ్వారు. నేను మట్టి తట్టలు మోశాను. పెద్ద గూట్లో ఒక్క మనిషి ఎముకలు, పక్కన ఇనుప కత్తి, ఈటెలు, నలుపూ ఎరుపూ కలిసిన కుండలు ముప్పైకి పైగా. ఇరవై అడుగుల అవతల చిన్న గూట్లో ఎముకలతో పాటు రెండు కుండలు, ఒక మూకుడు. అంతే. ఇవి సమాధులు, రెండున్నర వేల ఏళ్ల నాటివి అన్నారు. తవ్వకం చూసుకునే నవీన మేడమ్‌ను అడిగాను.

"ఇంత బండ ఎవరు ఎత్తినారమ్మా?"

"అవతల కొండ నుంచి తెచ్చారు పాల్. నూటయాభై మందైనా లాగి ఉండాలి. అంతమందిని పిలిచి, కూడు పెట్టి, మేళం పెట్టి లాగించగలిగినవాడు ఒకడున్నాడు. చచ్చినవాడు నాకింత రాయి కావాలని అడగడు కదా. అతని తర్వాత పెత్తనం చేయబోయేవాడు లాగించి ఉంటాడు, నలుగురూ చూడాలని."

"లాగినోళ్ల సమాధులు యాడుండాయి?"

"వాళ్లకు రాయి ఎవరు వేస్తారు?"

కుండలు పెట్టెల్లో సర్దుకుని, గుంతలు పూడ్చి వెళ్లిపోయారు. ఒక బోర్డు పాతలేదు. రక్షిత కట్టడాల జాబితాలో ఎక్కించలేదు. మళ్లీ ఎవరూ తిరిగి చూడలేదు.

అప్పుడు తట్టలు మోయడంలో నాకు జోడీ ఢిల్లీబాబు. పోయిన ఏడాది చనిపోయాడు. మా కాలనీకి శ్మశానం లేదు. పూడ్చుకునే వంక పోరంబోకును ఎవరో మామిడితోటలో కలిపేసుకున్నారు. ఆయన భార్య చెంగమ్మత్త మిట్ట మీదే, చివరి రాళ్ల వలయం పక్కన పూడ్పించింది. రోజూ మేకలు తోలుకుని పోయి ఆ పక్కనే కూర్చుంటుంది.

ఇంతలో ఆ మిట్టను గ్రావెల్ క్వారీకి అడిగాడు తులసీరాం. అక్కడ గుడి ఏదైనా ఉందా అని పైనుంచి కాగితం వచ్చింది. మునికుమార్ గారు బైకు దిగకుండానే విచారణ జరిపారు.

"గుడి ఉండాదంట, యాడ?"

"ఇవే సార్," అంది చెంగమ్మత్త.

"గోపురం ఉండాదా? హుండీ?"

"లేదు సార్."

"పూజారైనా ఉండాడా?"

"నేనుండాను సార్, మేకలతో."

"మేకలు అర్చన చేస్తాయామ్మా?" అని నవ్వి, బైకు ట్యాంకు మీద కాగితం పెట్టి రాసుకున్నారు. ‘గుడి లేదు. పూజలు లేవు. రాళ్ల గుట్ట మాత్రమే కలదు.’ సమాధులా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. అడగాలనే బుద్ధి కూడా ఎవరికీ లేదు.

క్వారీకి అనుమతి వచ్చింది. నేను మండలాఫీసుకు మూడుసార్లు తిరిగాను. జాబితాలో పేరుందా అన్నారు. లేదన్నాను. అయితే మేమేం చేస్తామన్నారు. జేసీబీ వచ్చే రోజు పొద్దున్నే చెంగమ్మత్త ఇంటికి పరిగెత్తాను.

"అత్తా, పసుపు తే. కుంకుమ తే. పెద్ద బండకి పూసేద్దాం."

"ఏమప్పా పాల్, ఆదివారం సర్చికి పోతావు, సోమవారం పసుపు పూస్తావా?"

"పూసేది నువ్వు. నేను రాయి పట్టుకుంటా."

"అది యాడికీ పోదులే, నువ్వు గిన్నె పట్టుకో."

జేసీబీ డ్రైవరు పసుపు చూశాడు. చెప్పులు విప్పి దండం పెట్టాడు. ఫోన్లో "ఓనరూ, ఈడ సామి ఉండాడు, నాకు పిల్లలుండారు, నేను తవ్వను" అని చెప్పి బండి వెనక్కి తిప్పుకున్నాడు. ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

వారం తిరక్కముందే తులసీరాం టెంకాయ పట్టుకుని వచ్చాడు. గ్రావెల్ కంటే దేవుడే నయమని లెక్క తేలినట్టుంది. రెండు నెలల్లో రేకుల షెడ్డు, టైల్స్, ఇనుప కంచె, వాళ్ల నాయన పేరుతో ఆర్చి. పాండవేశ్వరస్వామి అట! మొదటి తాంబూలం తులసీరాంకి. పట్టు తలగుడ్డ తులసీరాంకి. ఇటుకలు మోసిన కాలనీవాళ్లకు కంచె బయట చోటు. నవీన మేడమ్ చెప్పిందే కళ్ల ముందు జరిగింది. రాయి కింద ఎవడుంటేనేం, దాని పేరు చెప్పి ఊరిని పిలవగలిగినవాడిదే పెత్తనం. రెండున్నర వేల ఏళ్లలో కొత్తగా వచ్చినవి టైల్స్ మాత్రమే.

మొన్న ఆదివారం చెంగమ్మత్తకు కబురంపాడు. నేనూ వెంట వెళ్లాను. పక్కన మునికుమార్ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"శుక్రవారం కుంభాభిషేకం," అన్నాడు తులసీరాం. "కంచె లోపల పీనుగుంటే మైల. ఆలోగా తీసేయండి."

చెంగమ్మత్త పెద్ద బండ వైపు చెయ్యి చూపింది. "దీని కింద ఏముండాది సామీ?"

"దేవుడుండాడు."

"ఉండింది ఎముకలు. నా మొగుడే ఏరి గంపలో పెట్టినాడు. ఆ పీనుగ దేవుడైతే నా పీనుగ ఎట్లా మైలయింది? వాడికి పెద్ద రాయేసినారనా?"

తులసీరాం నా వైపు తిరిగాడు.

"చెప్పబ్బా పాల్. సమాధులంటావా? సరే, రేపే షెడ్డు పీకేస్తా. క్వారీ అనుమతి నా జోబీలోనే ఉండాది. ఈయమ్మ మొగుడు లారీలో పోతాడు. గుడి అంటావా? నోర్మూసుకోని తవ్వుకోని పోండి. పసుపు పూయించినోడివి నువ్వే గదా, నువ్వే తేల్చు."

నేను మునికుమార్ గారి వైపు చూశాను.

"నన్ను లాగొద్దప్పా," అన్నారు ఆయన. "గుడి లేదని రాసినోణ్ణి. ఉండాదంటే నా ఉద్యోగం పోతాది."

"ఉండాదని ఎవరు రాయమన్నారు సార్? సమాధులని రాయండి."

"అట్లా రాసేదానికి లేదప్పా."

చెంగమ్మత్త పోయి మొగుడి మట్టి మీద కూర్చుంది. ఈరోజు గురువారం. ఇంకా అక్కడే ఉంది. గంజి అక్కడికే తీసుకుపోతున్నాం. ఇంటికి రమ్మంటే, "తవ్వేవాళ్లని నన్ను గూడా కలిపి తవ్వమను" అంటోంది.

అబద్ధపు గుడితో నిజమైన సమాధులను కాపాడాలనుకోవడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను, ఊరందరి ముందూ ఒప్పుకుంటాను. ఇక మీ వంతు. మునికుమార్ గారూ, పాత నివేదిక కొట్టేసి ‘ఈ మిట్ట మీదున్నవన్నీ మనుషుల సమాధులు’ అని రాసి సంతకం పెట్టండి. తహసీల్దారు గారూ, దాని మీద క్వారీ అనుమతి రద్దు చేయించండి, కంచె తీయించండి. పురావస్తు వాళ్లూ, పెట్టెల్లో దాచినవాటి నివేదిక బయటపెట్టి మిట్టను జాబితాలో ఎక్కించండి. మా కాలనీకి మామిడితోటలో కలిసిపోయిన శ్మశానం కొలిచి ఇవ్వండి. చెంగమ్మత్త మొగుడి మీద గడ్డపార పడకూడదు. రేపు పొద్దున కుంభాభిషేకానికి ఎవరూ రావద్దు. సర్వేయరును వెంటబెట్టుకుని, కొలత గొలుసు పట్టుకుని రండి.