పొడి సాన

అక్కకు రాగి అంటే ప్రాణం. కంసాలి పని నేర్పిన తండ్రి, "రాగి నగలు ఎవరు పెట్టుకుంటారే?" అని ఎద్దేవా చేసినా వినలేదు. రాగిరేకును కాల్చి, సుత్తితో సాగగొట్టి, నడుమ నీలి ఫిరోజా రాయి పొదిగేది. చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేకపోయేవారు.

రాళ్లు సానబట్టేది చెల్లెలు. వట్టి వాగుడుకాయ, సాన రొదలోనూ నోరు మూతపడేది కాదు. ఫిరోజా తడిస్తే రంగు ముదురుతుంది, ఆరాక గానీ అసలు రంగు తేలదు. అంత ఓపిక అక్కకు లేదు.

"నీళ్లు పోయకే. పొడిగానే పట్టు. రాగి పక్కన ఏ రంగు నప్పుతుందో నాకు అప్పటికప్పుడే తెలియాలి," అనేది.

చెల్లెలు ముక్కుకు గుడ్డ కట్టుకుని పదకొండేళ్లు అలాగే పట్టింది. సాయంత్రానికి కనుబొమలు నీలంగా మారితే ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు.

దగ్గు మొదలైతే పడిశం అనుకున్నారు. మెట్లెక్కలేక మధ్యలో కూలబడిన రోజున అక్క ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుందనీ, అది ఇక బయటికి రాదనీ డాక్టరమ్మ చెప్పింది. తడిపి ఎందుకు పట్టలేదని అడిగింది.

"నాకే బద్ధకమండీ," అంది చెల్లెలు చప్పున.

అక్క నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగింది.

"నిజం చెబితే నా ఊపిరి తిరిగొస్తుందా? నీ చెయ్యి ఆగిపోతుంది, అంతేగా."

పద్నాలుగు నెలలు దిండ్లకు ఆనుకుని కూర్చునే బతికింది. రెండు మాటలకే ఆయాసం వచ్చేది. చివరి వారాల్లో సైగలే మిగిలాయి.

ఆమె పోయాక సాన ముందు అక్కే కూర్చుంది. నీళ్లు పోసి రాయి పట్టి, ఆరేదాకా చూసింది. పావుగంట కూడా పట్టలేదు. ఆ రాయి చేతిలో పెట్టుకుని పొద్దు వాలేదాకా లేవలేదు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. తడపొద్దన్నది తానేనని, ఆ రోజు నోరు విప్పలేదని చెప్పేసింది. తిడుతుందనుకుంది. ఆవిడ మాత్రం, "ఆ పదకొండేళ్లూ నువ్వెక్కడ కూర్చునేదానివమ్మా?" అని అడిగింది.

"దాని పక్కనే."

డాక్టరమ్మ ఎక్స్‌రేకి చీటీ రాసిచ్చింది. ఫిల్ములో అప్పటికే మచ్చలున్నాయి. అక్క దాన్ని కవర్లో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి నడిచింది.