మూడో మనిషి లేని ఆట

తొండియార్‌పేటలో మేడమీద రెండు గదుల ఇల్లు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వదినా మరదళ్లిద్దరూ చాప పరుచుకుని రమ్మీకి కూర్చునేవాళ్లు. వదిన గోవిందమ్మ, మరదలు చెల్లమ్మ. గోవిందమ్మ మొగుడు ఆదికేశవులు బతికున్నన్నాళ్లూ ముగ్గురాడేవాళ్లు. ఆయన పోయాక ఆట ఇద్దరికి దిగింది. కొడుకు భరణికి టి. నగర్ చీరల కొట్లో పని, కోడలు కలైవాణికి బట్టలు కుట్టే కంపెనీలో పని. పొద్దున వాళ్లు వెళ్లారంటే చీకటిపడేదాకా ఇంట్లో ఈ ఇద్దరే.

ఇద్దరికి ఒక్క పేక చాలు. చెరి పదమూడు ముక్కలు పంచుకుని, ఒక ముక్క తిప్పి జోకరుగా పెట్టి, మిగతా కట్ట బోర్లా పెడతారు. వంతుకు ఒకటి ఎత్తాలి, ఒకటి పారేయాలి. ఒకే గుర్తులో వరసగా మూడు ముక్కలు, జోకరు సాయం లేకుండా, ముందు కుదరాలి. అది లేకపోతే చేతినిండా జోకర్లున్నా దండగే. అది కుదిరాక మిగతావి వరసలుగానో, ఒకే అంకె ముక్కలుగానో కలుపుకుని షో చెప్పాలి. ఇద్దరే ఆడుతుంటే ఎదుటి మనిషి ఎత్తిందీ వదిలిందీ అంతా కళ్లముందే ఉంటుంది. చేతిలో కనబడకుండా ఉన్న ఆ కాసిని ముక్కల కోసమే ఆటంతా. చెల్లమ్మ అందులో గట్టిది. అన్నకి ఆట నేర్పింది కూడా తనేనని చెప్పుకునేది.

అలాంటి చెల్లమ్మ ఒకరోజు షో చెప్పి ముక్కలు పరిచింది. ఆఠీను నాలుగు, ఆఠీను అయిదు, పక్కన డైమన్ ఆరు. ఆఠీను ఆరు గోవిందమ్మ చేతిలోనే ఉంది. ఏదో పరధ్యానంలో పెట్టిందనుకుని, ఎత్తిచూపితే చిన్నబుచ్చుకుంటుందని, గోవిందమ్మ తన ముక్కలు కట్టలో కలిపేసి పంచడం మొదలుపెట్టింది. వారం తిరక్కముందే మళ్లీ అదే జరిగింది, ఈసారి ఇస్పేటు, కళావరు కలిసిపోయాయి. గోవిందమ్మ అప్పుడూ ఊరుకుంది. వానాకాలం వచ్చి పోయేదాకా అట్లాగే ఊరుకుంటూ వచ్చింది. గెలిచినప్పుడు మరదలి మొహంలో వచ్చే వెలుగు చూస్తే నోరు రాలేదు.

ఒకనాడు పొద్దున చెల్లమ్మ కాఫీ గ్లాసు బల్లమీద పెట్టబోయి గాల్లో వదిలేసింది. భరణి కొట్టుకి సెలవు పెట్టి ఇద్దరినీ కంటాసుపత్రికి తీసుకుపోయాడు. చుక్కలు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, పెద్ద డాక్టరమ్మ చాలాసేపు చూసింది. చక్కెర జబ్బు వల్ల కంటి వెనక పొర పాడైందట. రెండు కళ్లలోనూ. కొన్ని నెలల ముందు తెచ్చుంటే లేజరుతో చాలావరకు ఆపేవాళ్లట, ఇప్పుడు చేసినా పోయింది తిరిగి రాదట. డాక్టరమ్మ భరణితో తమిళంలో నెమ్మదిగానే చెప్పింది. పక్క కుర్చీలో గోవిందమ్మకి ఆ నెలల మాట ఒక్కటే చెవిలో నిలిచిపోయింది.

ఇంటికొచ్చాక రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. మూడోరోజు మధ్యాహ్నం చెల్లమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పేసింది. ఎప్పటినుంచి చూస్తోందో, ఎన్నిసార్లు ఊరుకుందో, ఎందుకు ఊరుకుందో.

చెల్లమ్మ కోప్పడలేదు. అదే గోవిందమ్మకి భరించడం కష్టమైంది.

“నాకూ కొంచెం మసకగానే ఉణ్ణింది వదినా,” అంది చివరికి. “అయినా నువ్వేమీ అనేదానివి కాదు కదా. వదిన ఒప్పుకుంటా ఉండాదంటే నాకు బాగానే కనబడతా ఉండాదనుకున్నా.”

గోవిందమ్మ ఏడ్చింది. చెల్లమ్మ ఆమె మోకాలు తడిమి పట్టుకుని, సుమ్మా ఉండు వదినా, ఏడవద్దు, అని మాట మార్చేసింది.

లేజరు చేయించారు. చూపు పెరగలేదు. ఆట మాత్రం పోకూడదని గోవిందమ్మ పంతం పట్టింది. గుండుసూది తీసుకుని కూర్చుని పేకలో ప్రతి ముక్క మూలలో పొడిచింది. ఆఠీనుకి ఒక పోటు, డైమన్‌కి రెండు, అంకెలకు ఇంకో మూల. వేళ్లతో తడిమి చూసుకోవచ్చని ఆశ. చెల్లమ్మ ముక్కని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రుద్ది, చెంపకు కూడా ఆనించి చూసింది. ఆ చక్కెర వేళ్లనీ వదల్లేదు, కొసలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

ఆదివారం కలైవాణి పక్కన కూర్చుని చెవిలో ముక్కలు చెప్పబోయింది. ఆమెకు ఆట రాదు, రాణిని రాజంటుంది. పైగా ఇంటిపనికి వారానికి దొరికేది ఆ ఒక్కరోజే. చెల్లమ్మే ఆమెను లేపి పంపేసింది.

ఇక మిగిలింది గోవిందమ్మే. “నువ్వే చెప్పు వదినా నా ముక్కలు,” అంది చెల్లమ్మ. “చెప్పేసి మరిచిపో. నీ ముక్కలు మాత్రం చూసుకుని ఆడు.”

ఆడారు. గోవిందమ్మ ఇద్దరి ముక్కలూ పంచింది. మరదలివి చదివి చెప్పింది, ఆమె చెప్పిన వరసలో బోర్లా పేర్చింది, ఆ తర్వాత తన ముక్కలు ఎత్తుకుంది. చెల్లమ్మ పదమూడూ తలలో పెట్టుకుని ఎక్కడా తడబడలేదు. తడబడింది గోవిందమ్మ. చెల్లమ్మకి కావలసింది కళావరు ఎనిమిది. గోవిందమ్మ చేతిలో అది పనికిరాని ముక్క, మామూలుగా అయితే పారేసేదే. పారేస్తే గెలిపించినట్టు. పట్టుకుంటే చూసి ఆపినట్టు. తెలిసింది తెలియనట్టు ఎట్లా ఆడాలో ఆమెకు తోచలేదు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ ఆలస్యం చెల్లమ్మకి వినబడింది.

“నాకు కావాల్సింది నీ కాడే ఉండాది, కదా?”

గోవిందమ్మ ఇక అబద్ధం చెప్పనని అనుకుంది. అవునంది.

“ఇంక నువ్వు ఏది ఏసినా అది దానమో, మోసమో అవుతుంది వదినా. ఆట కాదు.” చెల్లమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. తన ముందున్న ముక్కల్ని అరచేత్తో దగ్గరకు తోసి, “ఎత్తిపెట్టెయ్,” అంది.

గోవిందమ్మ ఎత్తిపెట్టింది. వేరే దారి ఏదైనా ఉందేమోనని కింది ఇంటి జయంతిని అడిగింది. మధ్యాహ్నాలు పైకొచ్చి చెల్లమ్మ పక్కన కాసేపు కూర్చుని ముక్కలు చెప్పమని. ఆమె రెండు రోజులు వచ్చింది, మూడోరోజు మనవరాలి బడి అంది. భరణి ఫోన్లో ఏదో వెతికి, గుడ్డివాళ్లకి ఉబ్బెత్తు గుర్తుల పేక దొరుకుతుందన్నాడు. సూది పోట్లే తెలియని వేళ్లకి అదెందుకని చెల్లమ్మే వద్దంది.

అప్పటినుంచి అన్నాలయ్యాక ఇద్దరూ అదే చాపమీద కూర్చుంటున్నారు. చెల్లమ్మ గోడకి ఆనుకుంటుంది. గోవిందమ్మ బియ్యంలో రాళ్లేరుతుంది, లేకపోతే ఊరికే వీధిలోకి చూస్తుంది. హార్బరుకి పోయే లారీల మోతలో మాటలు ఆగి ఆగి సాగుతాయి.

మొన్న అట్లాగే కూర్చుని ఉండగా చెల్లమ్మ తల పక్కకి తిప్పింది.

“లైటు ఎయ్యి వదినా. పొద్దుగూకినట్టుండాది.”

కిటికీలోంచి ఎండ చాపమీద, చెల్లమ్మ పాదాలమీద పడి ఉంది. గోవిందమ్మ ఆ ఎండ వైపు చూస్తూ ఉండిపోయింది. ఏ మాట అంటే ఏమవుతుందో అనిపించింది.

“ఇంకా మధ్యాన్నమే చెల్లమ్మా,” అంది.

చెల్లమ్మ తల మళ్లీ గోడకి ఆనించింది. “అట్లనా,” అంది.

గోవిందమ్మ లేచి వెళ్లి లైటు వేసింది.